బెల్లం గూడ్సు ఎక్కిన రోజు

విశాఖ నుంచి అనకాపల్లి వెళ్ళే హైవేలో లారీల వెనక పొగ మింగుతూ ఎన్నిసార్లు విసుక్కున్నానో. అందుకే, అనకాపల్లిలో బెల్లం వర్తకం చేసే నా స్నేహితుడు సత్తిబాబు "ఈసారి లారీల్లేవు బావ, సరుకంతా గూడ్సులోనే పంపుతన్నాం" అని ఫోన్ చేయగానే చూడాల్సిందేననిపించింది. తోటి వర్తకులను నెల రోజులు బతిమాలి ఒప్పించినవాడు వాడే. బెల్లం చెడకుండా చేరితే అందరూ రైలుకు మళ్ళుతారు. చెడిందా, వాడి మాట ఇక ఎవరూ వినరు.

ఉదయం ఏడింటి పాసింజర్ ఎక్కాను. టికెట్ పాతిక రూపాయల లోపే, ప్రయాణం గంట. స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోకు ఇరవై ఇచ్చి గూడ్స్ షెడ్డు దగ్గర దిగాను. డ్రైవర్‌కు సంగతంతా ముందే తెలుసు. "ఒక్కో పెట్టెలో మూడు లారీల సరుకు పడతాదంట సార్. ఆ మూడూ రోడ్డు మీద లేకపోతే మాకు ఊపిరాడతాది" అన్నాడు. రైలు రవాణా వల్ల లాభాల గురించి నేను చదివిన వ్యాసాలకన్నా ఆ మాటే సూటిగా ఉంది.

షెడ్డులో కళాసీలు గోనె చుట్టిన బెల్లం దిమ్మలను మోస్తున్నారు. మూడింటికల్లా తలుపులు మూసేయాలి. పదిన్నరకు వాళ్ళ మేస్త్రీ అప్పలసామి సత్తిబాబు వాటాకు వచ్చిన పెట్టె ముందు ఆగి, ఒక దిమ్మ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏటి బాబూ, నిన్న వండిందా? ఇంకా ఎచ్చగా ఉంది."

"లారీలోకి ఎప్పుడూ ఇలాగే ఎక్కిత్తాం కదా!" అన్నాడు పక్కనే ఉన్న సత్తిబాబు.

"లారీకి టార్పాలిన్ కింద గాలాడతాది. ఇది ఇనప పెట్టె. తలుపేసేత్తే సెమట పట్టి కారిపోతాది."

సత్తిబాబు ముఖం పాలిపోయింది. లారీ అలవాటు కొద్దీ చేసిన పొరపాటు. చల్లారిన సరుకు వాడి కొట్టులో లేదు. పెట్టె ఖాళీగా పోతే ఇదేనా నీ రైలు అని ఊరంతా నవ్వుతుంది. 'ఎవరు చూస్తారు, ఎక్కించేయ్' అనే మాట నాకు నోటిదాకా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంది.

వాడు మాత్రం "దింపేయండి" అన్నాడు. అక్కడినుంచి నేరుగా గవర్రాజు కొట్టుకు నడిచాడు. రైలు వద్దని అందరికన్నా గట్టిగా వాదించి, చివరికి వాటా కూడా తీసుకోని పెద్దాయన ఆయన. నేనూ వెంట వెళ్ళాను.

"మామా, తప్పు సేసేను. పచ్చి బెల్లం తెచ్చేను. మీ దగ్గర వారం కిందటి సరుకుంది. నా పెట్టెలో మీది ఎక్కించండి."

"తప్పని నువ్వే సెప్తన్నావేటి?" అన్నాడాయన. "పద, సూత్తాను."

రెండున్నరకు తలుపులు పడ్డాయి. లోపల గవర్రాజు బెల్లం. బయట షెడ్డు అరుగు మీద సత్తిబాబు దిమ్మలు ఆరుతున్నాయి.

గూడ్సు వల్ల డీజిల్ మిగులుతుంది, పొగ తగ్గుతుంది, సరుకు దూరాలకు చవకగా చేరుతుంది. ఇదంతా నేనూ ఎప్పటినుంచో చెబుతున్నదే. దానికోసం ఒకడు తన సరుకు దింపుకోవాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఎక్కింపు చూడ్డానికి వెళ్ళాలనుకునేవాళ్ళు గూడ్స్ ఆఫీసులో ముందుగా అనుమతి అడిగి, పది లోపు చేరండి.

ఐదో రోజు సత్తిబాబు ఫోన్ చేశాడు. సరుకు చేరిందట, ఒక్క దిమ్మ కూడా కారలేదట. తర్వాతి గూడ్సుకు గవర్రాజు అందరికన్నా ముందు వెళ్ళి పేరు రాయించాడట.

"మరి నీ పేరు?" అన్నాను.

"ఆయనే రాయించేడు బావ, తన పేరు పక్కనే."