ఐదో చేను

మైకు కీచుమంది. మా కాలేజీ సెమినార్ హాలులో ఆ మైకు ఎవరు పట్టుకున్నా ముందొకసారి పళ్లు జివ్వుమనేలా అరిచి గాని పనిచేయదు. పోయిన నెల పరిశోధక విద్యార్థుల కోసం పెట్టిన సమావేశంలో ఒక కుర్ర లెక్చరర్ దాన్ని రెండు తట్లు తట్టి నన్ను పరిచయం చేశాడు. "మన రవీందర్ సార్ మొదటి కాన్ఫరెన్స్ ముచ్చట మీకు ఎర్కేనా? మాట్లాడుడు అయిపోంగనే సొంత గైడే లేచి నిలబడి, అందరి ముందట ‘ఇది నిజం కాదు’ అన్నడట! అసొంటి గైడ్ దొరికినంక గూడ సార్ ఇక్కడిదాక అచ్చిండంటె దండం పెట్టాలె." హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే చిరాకు పుట్టింది. ఎందుకంటే ఆ కథ పుట్టించింది నేనే. పదేళ్లుగా చెప్పి, ప్రతిసారీ కాస్త ఉప్పూ కారం కలిపి, నేనే దాన్ని ఊరంతా తిప్పాను. ఆ గైడ్ భిక్షపతి సార్. ఆయన పోయి ఏడాది అవుతోంది.

ఆయన్ను ఎరగనివాళ్లకు ముందే చెప్పాలి. ఆయన దేవుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మనిషిని విసిగించడంలో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. కీటకశాస్త్రం చెప్పేవారు. ఏ మాటన్నా "ఎందుకు?" అని అడిగేవారు. "టీ తాగుదామా సార్" అన్నా అడిగేవారు. నేను అప్పటికి ముప్పై ఏడేళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, కాంట్రాక్టు లెక్చరర్‌ని. క్లాసులు చెప్పుకుంటూ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. హనుమకొండలో జరగబోయే కాన్ఫరెన్స్‌లో పన్నెండు నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. పర్మనెంటు ఉద్యోగానికి ఎంపిక చేసే పెద్దలు అక్కడ ముందు వరుసలో కూర్చుంటారని అందరికీ తెలుసు. నాకు ఆ పన్నెండు నిమిషాలే జీవితం.

స్లైడ్లు రంగురంగులుగా చేసుకుని, ఆయన గదిలో మొదటిసారి మాట్లాడి చూపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. సగం అయ్యాక నాకు ఓపిక చచ్చింది. "పడుకున్నరా సార్?" అన్నాను.

"పడుకోలే. నీ బొమ్మలు చూడకుంటె ఏం మిగుల్తదో ఇంటున్న."

"ఏం మిగిలింది సార్?"

"‘నెక్స్ట్ స్లైడ్’ మిగిలింది. ఇరవైమూడు సార్లన్నవ్."

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. రెండో నిమిషంలో ఆయన లేచి వెళ్లి ప్రొజెక్టర్ ప్లగ్గు పీకేశారు. "కరెంటు పోయింది. చెప్పు," అన్నారు. చెప్పలేకపోయాను. ఆ తర్వాత బాణం గుర్తులు తీసేయమన్నారు, నవ్వే పువ్వుల బొమ్మ తీసేయమన్నారు, చివరి ‘థాంక్యూ’ స్లైడు కూడా తీసేయమన్నారు. "నోరున్నది గద, నోటితోని చెప్పు." ఇంటికి వెళ్లి మా ఆవిడతో, ఈ ముసలాయన నన్ను కాన్ఫరెన్స్ దాకా బతకనిచ్చేలా లేడన్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన నియమం ఒక ఎత్తు. ఎవరి చేనులో పరిశోధన చేశామో ఆ రైతు దగ్గరికి వెళ్లి, మొత్తం సంగతి తెలుగులో చెప్పాలి. విన్న రైతు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. రైతు అలా చెప్పగలిగితేనే టాక్ తయారైనట్టు. ఆ తర్వాతే ఇంగ్లీషు. మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ ఈ బాధ లేదు. మిగతా గైడ్లు స్లైడ్లు చూసి అక్షరదోషాలు దిద్ది పంపేవారు.

నా పని పత్తిలో గులాబీ రంగు పురుగు మీద. చేనులో ఒక కర్రకు బుట్ట కడతాం. అందులో ఆడపురుగు వాసన పట్టించిన చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. ఆ వాసనకు మగ రెక్కల పురుగులు వచ్చి బుట్టలో పడతాయి. ఎక్కువ పడితే మందు కొట్టే సమయం వచ్చిందన్నమాట. పడకపోతే ఊరికే మందు కొట్టనక్కర లేదు. ఐదు చేన్లలో బుట్టలు కట్టాను. క్లాసుల మధ్య తిరిగే తీరిక లేక, వారం వారం లెక్క రైతుల చేతనే ఫోన్లో చెప్పించుకున్నాను. నాలుగు చేన్లలో లెక్క ముచ్చటగా కుదిరింది. పరకాల దగ్గరి కొమురయ్య చేను ఒక్కటే మొండికేసింది. బుట్టలో పురుగులు పడలేదు, కాయల్లో మాత్రం నిండా ఉన్నాయి.

"రఘునాథపల్లి పోదాం సార్, ఆ చేను లెక్కలు మంచిగున్నయ్," అన్నాను.

"లెక్క మంచిగున్నోనికి చెప్తె తలకాయ ఊపుతడు. పరకాల పోదాం."

పోయాం. కొమురయ్య ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు. అరవై దాటిన మనిషి, మాట మెల్లగా ఉంటుంది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. సార్ ఆయన వైపు తిరిగారు. "నీకేం సమజైందో నువ్వు చెప్పు కొమురన్నా."

"ఏమున్నది సారూ. బుట్టల పురుగు శాన పడితె మందు కొట్టాలె, పడకుంటె ఊకె కొట్టద్దు. గంతే గద? మరి నా బుట్టల పడలే. చిన్నసారు కొట్టద్దన్నడు, నేను కొట్టలే. కాయ పగలదీస్తె అన్ని పురుగులే. రెండో ఏరుడుకు సగం పత్తి గూడ రాలే."

సార్ మంచం మీద ముందుకు జరిగారు. "బుట్ట ఎంత ఎత్తుల ఉండె?" అన్నారు.

కొమురయ్య తన మోకాలి పైన చెయ్యి పెట్టి చూపించాడు. చెట్టు ఎంత ఎదిగిందని అడిగితే రొమ్ము దాకా చూపించాడు. బుట్ట చెట్టుకన్నా అడుగు పైన ఉండాలి. చెట్టు ఎదిగినకొద్దీ పైకి కట్టాలి. లేకపోతే ఆకుల్లో మునిగిపోయి అందులో ఏ పురుగూ పడదు. "మరి మీదికెందుకు కట్టలే?" అన్నారు సార్.

"చిన్నసారే ముట్టకుమన్నడు గద."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "నేను మొత్తుకున్న సారూ, ఆకులల్ల మునిగింది జర మీదికి కట్టుమని. సదువుకున్న సారు ముట్టద్దన్నడని ఈయన దానికి కావలి గూడ కాసిండు!"

నిజమే. బుట్టలు కట్టిన రోజు, రైతులు కెలికితే లెక్క చెడిపోతుందని, ఎట్టి పరిస్థితిలో ముట్టొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. ఎదుగుదలను బట్టి పైకి కట్టాలన్న మాట చెప్పడం మరిచిపోయాను. బస్టాండు నుంచే సార్ మిగతా నలుగురికీ ఫోన్ చేశారు. నలుగురిదీ ఒకటే మాట: మునిగిపోతుంటే మేమే పైకి కట్టుకున్నాం, చెబితే చిన్నసారు తిడతాడని చెప్పలేదు.

తిరుగు బస్సులో నాకు ఏడుపొక్కటే తక్కువ. సార్ ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. "దొరికిందయ్యా నీ టాక్!" అన్నారు.

"ఏం దొరికింది సార్? నా తప్పు దొరికింది."

"అదే టాక్. బుట్ట కట్టుడు అందరికి ఎర్కే. నీ మాట ఇనని నలుగురు బాగుపడ్డరు, ఇన్న ఒక్కడు మునిగిండు. ఇది ఎవనికి ఎర్క? రేపు ఇంకొకడు పోయి ఇట్లనే ముట్టద్దంటె ఇంకో చేను పోతది. సగం టైం ఇదే చెప్పు."

"అందరు నవ్వుతరు సార్. ముందట కూసునేది ఎవరో మీకు తెల్వదా?"

"నవ్వనియ్. నవ్వినోనికి యాదుంటది."

బస్సు హనుమకొండ చేరేదాకా వాదించుకున్నాం. కండక్టర్ కూడా విసుక్కున్నాడు. చివరికి ఒక్క స్లైడు పెట్టడానికి ఒప్పుకున్నాను. ఐదో చేను, బుట్ట ఎత్తు, నేను చెప్పిన మాట. అది పెట్టి పంపితే సార్ చూసి, మొదటిసారి ఏ తప్పూ పట్టకుండా "బాగున్నది" అన్నారు.

కాన్ఫరెన్స్ రోజు పొద్దున నా కంప్యూటర్ ఫైలు ఇవ్వబోతూ ముందు వరుస చూశాను. అందరూ వచ్చేశారు. ఆ స్లైడు తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది.

పన్నెండు నిమిషాలూ మెరుగ్గా మాట్లాడాను. ఒక్కసారి కూడా ‘నెక్స్ట్ స్లైడ్’ అనలేదు. సార్ కొట్టి నేర్పిన పాఠాలన్నీ ఆయనకే ఎదురు వాడుకున్నాను. చప్పట్ల మధ్య తలెత్తి చూస్తే చివరి వరుసలో సార్, ఆయన పక్కన తెల్లపంచె కట్టుకుని, మెడలో కాన్ఫరెన్స్ బిళ్ల వేసుకుని కొమురయ్య కూర్చున్నారు. తన చేను సంగతి తాను వినాలి కదా అని సార్ పిలుచుకొచ్చారు. నాకు ముందు చెప్పలేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షుడు అడిగాడు. సార్ లేచారు. చాలా మామూలుగా ఇంగ్లీషులో అడిగారు: మొదట ఐదు చేన్లన్నావు, నాలుగే చూపించావు, ఐదోది ఏమైంది? ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను నిలదీయడానికి కాదు, మరిచిపోయానేమోనని తలుపు తెరిచి పెట్టారు. నేను ఆ తలుపును ఆయన ముఖం మీదే వేశాను. ఆ రైతు బుట్టను కదిలించాడు, అందుకని ఆ లెక్కలు నమ్మదగినవి కావు, తీసేశాం అన్నాను.

సార్ మైకు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. "ఇది నిజం కాదు," అన్నారు. అంతే, కూర్చున్నారు. ఇంకొక్క మాట కలిపి ఉంటే నా పని అయిపోయేది. కలపలేదు. అధ్యక్షుడు ఇబ్బందిగా నవ్వి తర్వాతి పేరు పిలిచాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హాలంతా నా మీద జాలిపడింది.

భోజనాల దగ్గర కొమురయ్య నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మంచిగ మాట్లాడినవ్ సారూ, ఆపకుండ చెప్పినవ్. నాకైతె ఒక్క ముక్క సమజ్ గాలే. నా చేను ముచ్చట అచ్చిందా?"

"అచ్చింది మామా."

"నవ్వుతరని భయపడ్డవట గద, ఎవలన్న నవ్విన్రా?"

"నవ్వలే."

పక్కనే పళ్లెం పట్టుకుని ఉన్న సార్ దాన్ని బల్ల మీద పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ముద్ద కూడా ముట్టలేదు.

ఉద్యోగం వచ్చింది. సొంత శిష్యుడి మీద ఈర్ష్యపడిన గైడ్ కథ నాకన్నా ముందే పాకింది. తర్వాత నేనూ దాన్ని మోశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక్క విద్యార్థి కూడా భిక్షపతి సార్ దగ్గర చేరలేదు. "అందరి ముందట ఇజ్జత్ తీస్తడంట" అని భయపడేవారు. ఆయన ఖాళీ గదిలో కూర్చుని పేపరు చదువుకునేవారు. నేను వరండాలో ఎదురైతే "పిల్లలు మంచిగున్నరా?" అని అడిగేవారు. ఒక్కసారైనా తిట్టి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

మైకు కీచుమన్న ఆ సమావేశం తర్వాతి ఆదివారం పరకాల బస్సెక్కాను. కొమురయ్య బాగా పెద్దవాడయ్యాడు గాని నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు ఇంగ్లీషులో ఆయన గురించి ఏం చెప్పానో తెలుగులో చెప్పాను. ఆయన చెవికి చెయ్యి ఆనించి చివరిదాకా విన్నాడు.

"గా ముచ్చట నాకు ఎర్కే," అన్నాడు.

"ఎట్ల?"

"మీటింగైన ఐతారమే పెద్దసారు అచ్చిండు. ‘మా పిలగాడు నీ మీద చాడి చెప్పిండు కొమురన్నా, నన్ను మాఫ్ చెయ్’ అన్నడు. నిన్నెందుకు మాఫ్ చేస్త సారూ, ఆ మాటన్నోన్ని రమ్మను అన్న. ‘అస్తడు, జర టైం పడ్తది’ అన్నడు."

"టైమంటె గింత టైమా!" అంది ఆయన భార్య, నా ముందు మంచినీళ్లు పెడుతూ.

"ఇప్పుడన్న అచ్చిన గద మామా. మాఫ్ చేస్తవా?"

కొమురయ్య విసుగ్గా చెయ్యి విదిలించాడు. "నాకు చెప్తె ఏమస్తది సారూ? నేను ముట్టలేదని నాకు తెల్వదా? తెల్వనోళ్లు ఆడ గంత మంది కూసున్నరు గద. ఆళ్లకు చెప్పు."

‘అస్తడు, జర టైం పడ్తది.’ పదేళ్లపాటు నేను ఆయన్ను నవ్వులపాలు చేస్తుంటే, ఆయన నా మీద ఆ నమ్మకం పెట్టుకుని కూర్చున్నారు. ఎంత విసిగించే మనిషి! పోయాక కూడా వదలడం లేదు. ఏ టాక్‌కు తయారవుతున్నా, ఏ స్లైడు తీసేయబోయినా, ఆ నమ్మకం నా వేలు పట్టుకుంటుంది.

ఆ హాలులో ఉన్నవాళ్లందరినీ మళ్లీ ఒకచోట కూర్చోబెట్టలేను. కొందరైనా ఇది చదువుతారు. కాబట్టి వాళ్లకు చెబుతున్నాను: పరకాల రైతు కొమురయ్య తన చేనులో బుట్టను ముట్టలేదు. ముట్టవద్దన్నది నేను. భిక్షపతి సార్ ఆ రోజు లేచి అన్న మాట నిజం.