నరసింహులు సారు ఎక్కించిన తేదీలు

ఆరేళ్ళుగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళనైతే నమ్మను. నా బుద్ధే అంత. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందోనని ముందు ఆలోచిస్తాను.

మాది హిందూపురం. కంప్యూటర్ పని. ధర్మవరంలో ఒక నేతగాళ్ళ సంఘం తమ పాత ప్రోగ్రాంను బాగుచేయమని నాకు అప్పగించింది. ఏ మగ్గం ఎన్ని రోజులు ఆడిందో చూసి, ఎవరికి పట్టు నూలు ఇవ్వాలో అది చెప్పేది. నెలలో రెండు రోజులకు మించి మగ్గం ఆగితే పై నెల నూలు రాదు. పెనుకొండ నరసింహులు సారు దాన్ని ఎప్పుడో కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసి, రిటైరై ఇంటికి వెళ్ళిపోయారు. భాషలు మార్చే ఒక టూల్ దాన్ని ఇప్పటి జావా భాషలోకి మార్చింది. ఆ మార్చడంలో, ఏది ఎందుకో సారు పక్కన రాసుకున్న వివరాలన్నీ పోయాయి. మిగిలినదాన్ని శుభ్రం చేయడం నా పని.

అందులో ఒకచోట తేదీల పట్టిక కనిపించింది. నెలకొక తేదీ. ఆ రోజు మగ్గం ఆగినా ఆగనట్టే లెక్క. ఎందుకో ఎక్కడా లేదు. ఓహో, పెద్దాయన తనవాళ్ళ కోసం దొంగదారి పెట్టుకున్నాడన్నమాట! ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదు? అడిగితే జాగ్రత్తపడతాడేమోనని. పట్టిక మొత్తం తీసిపారేశాను, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

పై నెల చాలా ఇళ్ళకు నూలు రాలేదు. జనం సారునే తిట్టారు, రాసింది ఆయనే కదా. ఆయన బస్సెక్కి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమబ్బా, అమావాస్యకు ఈడ ఎవురూ మగ్గమెక్కరు. నేను పోయేముందు పదేండ్ల అమావాస్యలు ఎక్కించి పోతినే. లేవా?"

అమావాస్యలా! ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? నిజం చెప్పడానికి అప్పుడు ఒక్క నిమిషం చాలు. కానీ పని పోతుందనీ, పరువు పోతుందనీ భయమేసింది.

"లేవు సార్. మీరు ఎక్కించినవి రెండు నెలల కిందటే అయిపోయినాయి."

ఆయన ముందుకు వంగి స్క్రీన్ మీద వెతికారు. "అట్లనా... ఎక్కించినాననే అనుకుంటి. నాకే మతి తప్పినట్టుండాది." బయటికి వెళ్ళి, అందరి ముందూ చేతులు జోడించి తప్పు తనదేనన్నారు.

ఆ సాయంత్రమే తేదీలన్నీ తిరిగి పెట్టేశాను. తప్పు సరిచేసినందుకు సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

పోయిన నెల ఆయన పెనుకొండ బస్టాండులో కనిపించారు, కూతురి చెయ్యి పట్టుకుని. ఆ రోజు నుంచి ఆయనకు తన మీద తనకే నమ్మకం పోయిందని కూతురు చెప్పింది. తాళం వేశానా అని నాలుగుసార్లు వెనక్కి వెళ్ళి చూస్తారట. ఒంటరిగా ఎక్కడికీ కదలరట. నన్ను చూసి నవ్వారు. తెలిసే నవ్వారా? నన్ను పరీక్షిస్తున్నారా? చూశారా, ఇప్పటికీ నాకు ఆయన మీదే అనుమానం!

ఆయనకు మతి తప్పలేదు. పదేళ్ళ అమావాస్యలూ ఆయన ఎక్కించే వెళ్ళారు, ఒక్కటి కూడా తప్పు పోలేదు. తీసేసింది నేను. ఈ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి.