మైకులో విన్న నరకం

నా చిన్నప్పుడు మా పేటకి ఒకటే గంట. ఆదివారం పొద్దున్న అది మోగితే కాలువ గట్టు మీద నడిచే వాళ్లంతా ఒకే గుడికి వెళ్తున్నట్టు. రాజోలు దగ్గర మా ఊళ్లో చర్చిని గుడి అనే అనేవాళ్లం. పుట్టిన పిల్లలకి అక్కడే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చేవారు, పోయినవాళ్లని దాని వెనకే సమాధి చేసేవారు. నాకొక తమ్ముడు ఉండేవాడు. పాకడం కూడా రాకముందే జ్వరం వచ్చి పోయాడు. బాప్తిస్మం రోజున వాణ్ణి ఎత్తుకున్నది మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ. వాడి చొక్కా ఒకటి తన పెట్టెలో దాచుకుంది.

నేను మూడో తరగతిలో ఉండగా అమలాపురం అవతల నుంచి ఒక కొత్త బోధకుడు వచ్చి, పేట చివర తాటాకు పాక అద్దెకి తీసుకున్నారు. పాక ముందు కొబ్బరాకుల పందిరి వేసి, సాయంత్రాలు మైకు పెట్టి ప్రసంగాలు మొదలుపెట్టారు. మా గుడి గురించి మనసులో ఏదీ దాచుకోలేదు. పసిపిల్లలకి నీళ్లు చిలకరించడం బాప్తిస్మమే కాదన్నారు. పెద్దయ్యాక, తెలిసి, నీళ్లలో మునగాలన్నారు. సంఘ పెద్దలు పట్టుకున్న కుర్చీలు వదలరని, కూలికెళ్లే వాళ్లు గుడిలో ఇంకా వెనక బల్లల మీదే కూర్చుంటున్నారని అన్నారు. ఆ పెద్దల్లో మా బాబాయి ఒకడు. కొన్ని కుటుంబాలు మా గుడి వదిలి ఆయన దగ్గరికి వెళ్లిపోయాయి. మా పక్కింటి అక్క కూడా కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు నుంచి మా అమ్మ ఆవిడతో మాట్లాడటం మానేసింది.

ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకుంటుంటే, కొబ్బరిచెట్ల మీదుగా ఆయన గొంతు వచ్చింది. నిజమైన బాప్తిస్మం లేకుండా పోయినవాళ్లు, పెద్దలైనా పిల్లలైనా, ఆరని అగ్నిలో ఉంటారని చెప్పింది ఆ గొంతు. పిల్లలైనా అన్న మాట దగ్గర నా చేతిలో బలపం ఆగిపోయింది. లోపల అమ్మ పొయ్యి ఊదుతోంది. అటు చూడలేకపోయాను. అన్నం తినకుండానే పడుకున్నాను. ఎవరికైనా చెప్పుకుంటే భయం తగ్గేదేమో. కానీ అమ్మకి చెప్తే, తమ్ముడు ఎక్కడున్నాడో అమ్మకి కూడా తెలిసిపోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ పెట్టెలోంచి ఆ చొక్కా తీసుకుని రేవుకి వెళ్లాను. వాడు రాలేడు కాబట్టి వాడి చొక్కా ముంచితే సరిపోతుందనుకున్నాను. మెట్ల మీద కూర్చుని, పక్కింటి అక్కకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు విన్న మాటలు గుర్తున్నంత వరకు చెప్పి, చొక్కాని నీళ్లలోకి నొక్కాను. కాలువ నిండుగా పారుతోంది. చొక్కా చేతిలోంచి జారిపోయింది. దాని వెనకే నేనూ దిగాను. కాళ్ల కింద మెట్టు అయిపోయింది. నోట్లోకి నీళ్లు వస్తున్నా, నా బెంగంతా చొక్కా పూర్తిగా మునిగిందా లేదా అనే. పక్క రేవులో బట్టలుతుకుతున్న పక్కింటి అక్క పరిగెత్తుకొచ్చి, జుట్టు పట్టుకుని నన్ను గట్టుకి లాగింది. చొక్కా దొరకలేదు.

అక్క నన్ను మా ఇంటికి తీసుకొచ్చింది. అమ్మ ఇంట్లో లేదు. మామ్మ తల తుడుస్తూ ఏమైందని అడిగితే అప్పుడు చెప్పాను, అంతా. మామ్మ కొట్టలేదు, ఊరుకోబెట్టలేదు. పొడి గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని, "పద, ఆయన్నే అడుగుదాం," అంది.

అక్క అడ్డొచ్చింది. "ఇప్పుడొద్దండి మామ్మగారూ. పందిరి పీకేయడానికి మీ చిన్నబ్బాయిగారూ వాళ్లూ ఇంకాసేపట్లో వస్తారంటండి. ఆయన్ని కొడతారని కూడా అంటున్నారండి."

"అయితే వాళ్లొచ్చేలోగానే వెళ్లాలి," అంది మామ్మ.

దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఆయన నన్ను చూడగానే నరకం గురించి చెప్తారని నా భయం. తీరా చూస్తే, మైకులో అంత గొంతున్న మనిషి పాకలో చాప మీద కూర్చుని, భార్య వడ్డిస్తుంటే అన్నం తింటున్నారు. బక్కపల్చగా, మా బాబాయి కంటే చిన్నవాడిలా ఉన్నారు. మమ్మల్ని చూసి చేత్తో ముద్ద అలాగే పట్టుకుని లేచారు.

"తినండి అయ్యగారూ, మేం కూర్చుంటాం," అంది మామ్మ.

ఆయన తినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మా ఎదురుగా కూర్చున్నారు. మామ్మ నన్ను ముందుకి జరిపింది. "మీరు మైకులో చెప్పింది మా మనవరాలు విందండి. దీని తమ్ముడు పసికందుగా పోయేడు. వాడు ఎక్కడున్నాడో కనుక్కుందామని వచ్చిందండి. దీని మొహం చూసి చెప్పండి."

"నేను వాక్యంలో ఉన్నదే చెప్పేనండి."

"ఆయ్. వాక్యం సంగతి నేను అడగట్లేదండి. ఈ పిల్లకి చెప్పమంటున్నాను."

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆయన నన్నే చూస్తున్నారు. "నాకు తెలీదమ్మా," అన్నారు. "మునిగి తీసుకునేదే బాప్తిస్మం అని నా నమ్మకం. అది రేపు కూడా చెప్తాను. మీ తమ్ముడు ఎక్కడున్నాడో మాత్రం నాకు తెలీదు. తెలిసినవాడిలాగా మాట్లాడేను."

ఆ మాట నాలోకి దిగేలోపే బయట అలజడి. ఆయన భార్య పరిగెత్తి వెళ్లి తలుపేసింది. తలుపు సందులోంచి కర్రలు కనిపించాయి, ముందు బాబాయి కనిపించాడు. పందిరి తాడు ఎవరో కోసినట్టున్నారు, ఒక పక్క కూలిన చప్పుడు. బోధకుడు మూలకి జరిగారు. నేను ఆవిడ చీర పట్టుకుని నక్కాను. మామ్మ లేచి, గడియ తీసి, వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నువ్విక్కడ ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు బాబాయి.

"అడగాల్సింది ఉండి వచ్చేను. అడిగేను, ఆయన చెప్పేరు. నువ్వూ లోపలికొచ్చి అడుగు."

"వీడు మన గుడిని పదిమందిలో తిడుతున్నాడు."

"తప్పు చెప్తే తప్పని నువ్వూ పదిమందిలో చెప్పు. వెనక బల్లల సంగతి ఏం చెప్తావ్? అది నిజమే కదరా. పందిరి పీకితే అబద్ధమైపోద్దా?"

వెనకనుంచి ఎవరో రాయి విసిరారు. అది మామ్మకి పక్కన తడికలో దిగింది. బాబాయి వెనక్కి తిరిగి ఆ రాయి వేసినవాణ్ణి చొక్కా పట్టుకుని నెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. బాబాయి వెళ్తూ వెళ్తూ కూలిన పందిరి గుంజని కాలితో తన్నాడు. ఆ ఏడాదంతా మామ్మతో మాట్లాడలేదు. మామ్మ మాత్రం ఆ తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే మా గుడికే వెళ్లింది. కొంతమంది ఆడవాళ్లు ఆవిడ పక్కనుంచి లేచి వేరేచోట కూర్చున్నారు. బోధకుడు మళ్లీ పందిరి వేసుకుని మా గుడిని విమర్శిస్తూనే ఉన్నారు. పోయిన పిల్లల గురించి మాత్రం ఆయన నోట ఇంకెప్పుడూ వినలేదు.

ఇప్పుడు మా పేటలో ఎన్ని సంఘాలో, అన్ని గంటలు. ఒకరి గురించి ఒకరు ఫోన్లలో వీడియోలు పెట్టుకుంటున్నారు. మొన్నీమధ్య మా సంఘం కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, ఎవరో మన గుడి మీద వీడియోల్లో ఏవేవో మాట్లాడుతున్నాడు, కేసు పెట్టడానికి స్టేషన్‌కి వెళ్తున్నాం, మీరు కూడా రండి టీచరుగారూ అన్నారు. అతనితో ఎవరైనా మాట్లాడారా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదట. అతని ఇల్లు కనుక్కుని ఆటోలో వెళ్లాను. వీడియోలో ఉరిమే ఆ గొంతుని ఎదురుగా వినాలంటే, ఇంత వయసొచ్చాక కూడా నాకు భయమేసింది. కాసేపు వీధిలోనే నిలబడ్డాను. భయం పోయేదాకా ఆగుదామనుకుంటే ఇంటికి తిరిగి రావడమే అవుతుందని నాకు తెలుసు. భయపడుతూనే గేటు తీశాను.