మసి ఎక్కడ ఆగింది

కాలేజీ పుస్తకాల కమిటీలో నేను మాట్లాడతానని సిస్టరమ్మకు మాట ఇచ్చి పదిహేనేళ్ళు దాటింది. మాట్లాడలేదు. మొన్న మంగళవారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి, "అంకుల్, మమ్మీ పోయింది. నాలుగింటికి చర్చికి తీసుకెళ్తున్నాం" అంది. నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, ఆ మాటే.

నరసాపురం దగ్గర పుట్టి, రైల్వే ఉద్యోగిని పెళ్ళాడి రాయ్‌పూర్ వచ్చారావిడ. చాలా ఏళ్ళు వార్డుల్లో నర్సుగా పనిచేసి, తర్వాత ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటరయ్యారు. అయినా ఇక్కడి తెలుగువాళ్ళకు చివరిదాకా సిస్టరమ్మే. అదే కాలేజీలో నేను బయోస్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. జ్వరాలూ, బరువులూ, రక్తపోటులూ అంకెల్లో పెట్టి వాటిలోంచి నిజం లాగే విద్య అది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఆ పేపరే.

పరీక్షలయ్యాక లైబ్రరీకి తిరిగొచ్చిన పుస్తకాలను ఆవిడ బల్లమీద వరసగా నిలబెట్టేవారు, వెన్ను అటు, పుటల అంచులు ఇటు. సిల్తారా ఇనుప ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము ఈ ఊళ్ళో అందరి వేళ్ళకీ ఉంటుంది. పుటలు తిప్పినంత మేరా అంచు నల్లబడుతుంది, తిప్పనిచోట తెల్లగా మిగులుతుంది. ఆవిడ ఆ నలుపును స్కేలు పెట్టి కొలిచి చీటీ మీద రాసుకునేవారు.

"ఇదేం శాంప్లింగ్, సిస్టరమ్మా?" అని నవ్వాను మొదటిసారి.

"మీరు పిల్లల్ని అడుగుతారు మాస్టారూ. వాళ్ళు అర్థమైనా కాకపోయినా 'సమఝ్ గయే సర్' అంటారు. నేను పుస్తకాన్ని అడుగుతాను. మసికి మర్యాద తెలీదండీ."

ఆ ఏడాది కొత్త పాఠ్యపుస్తకం ఎంచుకోవాలి. పోటీలో రెండున్నాయి. ఒకటి లావుది, రెండోది పల్చటిది. రెండూ అప్పటికే ఏడాదిగా లైబ్రరీలో ఉన్నాయి. లావుదాన్ని రాసినవాడు నా పాత స్నేహితుడు. ముందుమాటలో నా పేరు రాసి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. దాని కాపీలన్నిటిలోనూ మసి ఒకేచోట, ప్రాబబిలిటీ పాఠం దగ్గర ఆగిపోయింది. ఎందుకో ఆవిడే చెప్పారు.

"పేకముక్కల్లో ఇస్పేట్లెన్ని, ఆఠీన్లెన్ని అని అడుగుతాడండీ ఆయన. మన పిల్లలు పేక ముట్టుకుంటే ఇంట్లో కాళ్ళు విరగ్గొడతారు. లెక్క రాక కాదు మాస్టారూ, పేక తెలీక తప్పుతున్నారు."

పల్చటి పుస్తకం మొదటి పుటలోనే వార్డులో మంచానికి వేలాడే టెంపరేచర్ చార్టు ఉంది. దాని అంచు ఆఖరిదాకా నలుపు.

మందిర్ హసౌద్ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె అప్పటికే ఆ పేపరు తప్పింది. మళ్ళీ తప్పితే చదువు మాన్పిస్తానని తండ్రి తేల్చేశాడు. కాలేజీలో పాఠమూ ప్రశ్నలూ కమిటీ పెట్టిన పుస్తకంలోంచే వస్తాయి.

"దాని కోసమైనా చిన్నది పెట్టించండి. ట్యూటర్ మాట ఎవరు వింటారు? మీరు చెప్తే వింటారు."

"చెప్తాను" అన్నాను.

కమిటీ గురించి కొంచెం చెప్పాలి, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. పుస్తకాల ఏజెంటు పంపిన మిఠాయి పెట్టె బల్ల మధ్యలో ఉంది. రెండు పుస్తకాలనూ తెరిచి చూసినవాళ్ళు ఆవిడా నేనూ తప్ప ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ ఒక్కో చేతిలో ఒక్కోటి పట్టుకుని తూచాడు. "కితాబ్ మే వజన్ హోనా చాహియే" అన్నాడు, పుచ్చకాయ బేరమాడేవాడిలా. పుస్తకమన్నాక బరువుండాలట. తర్వాత లావుదాని ముందుమాట తీసి, అందులో నా పేరు అందరికీ చూపించాడు. "అరే, సర్ కా నామ్ భీ హై ఇస్‌మే." అందరూ నావైపు తిరిగారు. నాకు నవ్వొచ్చింది. సంతోషంతో వచ్చిన నవ్వే, అబద్ధం ఎందుకు?

"క్యోఁ సర్, ఠీక్ హై?"

"పుస్తకం మంచిదే" అన్నాను.

లావుదే ఖాయమైంది. సిస్టరమ్మ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారు. వరండాలోకి వచ్చాక సంజాయిషీ చెప్పబోయాను. "పర్లేదండీ" అన్నారు. "అచ్చులో మీ పేరు బాగుంది." అది ఎత్తిపొడుపో ఓదార్పో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ అమ్మాయి మళ్ళీ తప్పింది. ఏడాది తర్వాత పండరీ బట్టల బజారులో ఒక చీరల కొట్లో కనబడింది, మడతలు పెడుతూ. "నమస్తే సర్. మేడమ్ కైసీ హైఁ?" అని సిస్టరమ్మ గురించి అడిగింది. ఏదో చెప్పి, వెళ్ళిన పని మరిచి బయటికొచ్చేశాను. అప్పట్నించీ ఎవరింటికెళ్ళినా, ఏ పాత పుస్తకాల కొట్టుకెళ్ళినా నా కళ్ళు ముందు పుటల అంచుల మీదికే పోతాయి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలయ్యే తెలుపు నన్నే చూస్తున్నట్టుంటుంది.

సిస్టరమ్మ మాత్రం రాకపోకలు మానలేదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజూ ఇంటికొచ్చి జ్వరం చూసి గళ్ళకాగితం మీద గీత గీసేవారు. ఐదో రోజు ఆ కాగితం నా ముందు పెట్టి, "ఇదిగో మాస్టారూ, చిన్న పుస్తకం మొదటి పుట" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎత్తింది ఆ ఒక్కసారే. ఆ మాటకు నొచ్చుకున్నాను. ఆ జ్వరంలోంచి లేచింది మాత్రం ఆవిడ చలవే.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక కూతురు నన్ను ఆవిడ గదిలోకి తీసుకెళ్ళింది. బీరువాలో పుస్తకాలన్నీ తిరగేసి ఉన్నాయి, వెన్నులు గోడవైపు. "ఏది ఏదో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాను. "మమ్మీకి తెలిసేది" అంది. ఒకదాని అంచు బొగ్గులా ఉంది. ఆ పల్చటి పుస్తకమే. ఆదివారాలు చర్చి అయ్యాక తప్పిన పిల్లల్ని కూర్చోబెట్టి దాంట్లోంచే చెప్పేవారట. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి, స్నేహితుడు నాకిచ్చిన లావు పుస్తకం తీసి ఆవిడ పెట్టినట్టే బల్లమీద నిలబెట్టాను. అంచంతా తెల్లగా ఉంది. మొదట్లో ఒక్కచోట సన్నటి నల్లగీత. వేలు పెడితే పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంది. ముందుమాట. ఇన్నేళ్ళూ నా బొటనవేలు ఆనినచోట, నా పేరు పక్కనే, కాగితం మసిబారి ఉంది.

ప్రిన్సిపాల్‌ని క్షమించాననుకోకండి, మిఠాయిలు పంపినవాణ్ణీ క్షమించలేదు. కానీ ఆ అమ్మాయి ఈరోజు ఏ వార్డులోనూ లేకపోవడానికి నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఆ పుటలో పేరున్న మనిషిని.