అయ్యగారిని మేమే సాకుతామన్నాను

చాలా ఏండ్లుగా నేనొక మాటను మోస్తున్నాను. పెద్ద మాట కూడా కాదు. చర్చిలో అందరి ముందు లేచి నిలబడి, ఒక్క ఊపిరిలో అనేసిన మాట. దాన్ని అబద్ధం అనాలో, పొగరు అనాలో, ఇంకేమైనా అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ చిన్న ఊరు. అవి రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. పండిన ధాన్యంలో సర్కారు లెవీ కింద కొంత పోయేది, మరికొంత దొర గడపకు చేరేది. మా వాడ మొత్తం క్రైస్తవులమే. పెంకుల కప్పుతో చిన్న చర్చి, దాని పక్కనే అయ్యగారి ఇల్లు. అయ్యగారంటే మా పాస్టరు దేవదానం గారు. ఆయన పోషణలో సగం మా చర్చిలను నడిపే మిషన్ చూసేది. మిగతా సగం మా సంఘం చూసుకోవాలి. మా దగ్గర పైసలెక్కడివి? అందుకే పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. ఆడవాళ్లం వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లం. ఆదివారం ఆ కుండలు చర్చికి తెస్తే, అన్నీ ఒక్కచోట పోసి అయ్యగారింటికి చేర్చే పని నాది. నా భర్త సంఘ పెద్ద. మాకు కొంచెం సొంత పొలం ఉండేది. పిల్లలు లేరు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కొందరు బియ్యానికి బదులు జొన్నలు తెచ్చారు. కొందరు ఖాళీ కుండతో రాలేక చర్చికే రావడం మానేశారు. అయ్యగారింట్లో ముగ్గురు పిల్లలు, ఒకడు చంకలోవాడు. పూటకు పూట అంబలే తాగుతున్నారని నాకు తెలుసు. నడిపి పిల్ల సలోమి మా ఇంట్లోనే తిరిగేది. దానికి తల దువ్వి, ఉన్నదేదో పెట్టి పంపేదాన్ని.

ఒక ఆదివారం మేడ్చల్ నుంచి పెద్దయ్యగారు వస్తున్నారని కబురొచ్చింది. చుట్టుపక్కల పాస్టర్లందరి మీదా ఆయనే పెద్ద. మిషన్ సాయం ఏ ఊరికి ఉంచాలో, ఏ ఊరికి ఆపాలో చూడటానికి వస్తున్నారు. ముందురోజు అయ్యగారి భార్య సుగుణమ్మ మా ఇంటికి వచ్చింది.

"రేపు పెద్దయ్యగారు అడుగుతడక్కా. మా ఆయన నోరు తెరువడు. మిమ్మల్ని తక్కువ జేసినట్టయితదని ఆయన బాధ. నువ్వన్నా ఉన్నదున్నట్టు చెప్పు. పోరగాండ్లు ఆకలికి ఆగుతలేరు."

"నేను చెప్త అమ్మగారు. మీరు రంది పడకుండ్రి" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను.

పెద్దయ్యగారు చెడ్డవాడు కాదు. ఆరాధన అయ్యాక నెమ్మదిగానే అడిగారు. "కొత్త ఊర్లల్ల పాస్టర్లు లేరు. తమ అయ్యగారిని తామే సాకుకునే సంఘం ముందుకొస్తే, గా సాయం అటు పంపిస్తం. మీతోని అయితదా? కాదంటే తప్పేం లేదు. ఇంకో రెండేండ్లు మేమే ఇస్తం. ఏమమ్మా, బియ్యం జమ చేసేది నువ్వే గద, నువ్వే చెప్పు."

నేను లేచాను. "అయితది అయ్యగారు. మా అయ్యగారిని మేమే సాకుతం" అన్నాను.

ఎవరో హల్లెలూయ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. దేవదానం గారు తల వంచుకున్నారు. సుగుణమ్మ చంటివాణ్ణి ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది. కోపంగా కాదు. తనకే సరిగా వినపడలేదేమో అన్నట్టు చూసింది.

ఎందుకన్నాను? దొర ముందు చేతులు కట్టుకుని నిలబడే మా వాడ, ఒక్కనాడైనా మా కాళ్ల మీద మేమున్నామని చెప్పుకోవాలనిపించిందా? సంఘ పెద్ద భార్యను కాబట్టి లేదనడానికి నోరు రాలేదా? చాలా కాలం ఇవే కారణాలని నాకు నేను చెప్పుకున్నాను.

సాయం ఆగిపోయింది. మొదట్లో అందరం రోషంతో తెచ్చాం. తర్వాత కుండలు మళ్లీ అడుగంటాయి. దేవదానం గారు ఎవరికీ తెలియకుండా రావల్కోల్ ఊరి దాకా నడిచిపోయి కూలి చేస్తున్నారని విన్నాను. ఒకనాడు ఎండపూట సుగుణమ్మ సలోమిని వెంటబెట్టుకుని వచ్చింది.

"వానలు పడేదాక నీ దగ్గరుంచుకో అక్కా. ఈడనన్న కడుపునిండ తింటది."

ఆ ఆదివారం సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను రెండు చేతులూ చాచి పిల్లను తీసుకున్నాను. వాడంతా నాది పెద్ద మనసు అంది. నేను కాదనలేదు.

వానలు పడ్డాయి. కానీ మా ఊరు అయ్యగారిని సాకలేకపోతోందని తెలిసి, మిషన్ వాళ్లు ఆయన్ని దూరపు జిల్లాకు మార్చారు. బండి ఎక్కేటప్పుడు సలోమి నా కొంగు పట్టుకుని వదల్లేదు. సుగుణమ్మ కాసేపు చూసి, "ఉండనీ అక్కా" అని బండెక్కింది. నీ బిడ్డను నువ్వు తీసుకుపో అని నేను అనలేదు. కొంగు కూడా విడిపించుకోలేదు. ఆ తర్వాత వాళ్లు ఏడాదికోసారి వచ్చినప్పుడు పిల్ల నా వెనక దాక్కునేది.

ఇక అసలు సంగతి. చర్చిలో లేచినప్పుడు సలోమి నా మనసులో లేదని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాను. కానీ ముందురోజు సుగుణమ్మ పిల్లల ఆకలి గురించి చెబుతుంటే, వీళ్లింట్లో అన్నం దండిగా ఉంటే ఈ పిల్ల ఇక మా ఇంటికి వస్తుందా అని ఒక ఆలోచన వచ్చి పోయింది. వచ్చిందా? తర్వాత నేనే కల్పించుకున్నానా? వచ్చిందనే అనుకుంటున్నాను. ఒక్కోనాడు లేదనిపిస్తుంది.

సలోమి చదువుకుని నర్సు అయింది. పెండ్లి మా చర్చిలోనే జరిగింది. అప్పటికి దేవదానం గారు లేరు. సుగుణమ్మ వచ్చి వెనక వరసలో కూర్చుంది. కొత్త పాస్టరు గారు, "పెండ్లిపిల్ల తల్లి ముందుకు రావాలె" అన్నారు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె కొంగు సర్దుకుని తల వంచుకుంది. నేను లేచి వెళ్లాను.

సుగుణమ్మ ఇప్పుడు లేదు. సలోమికి నేను చెప్పలేదు, చెప్పగలనో లేదో కూడా తెలియదు. ప్రార్థనలో ఎన్నోసార్లు మోకరించాను గానీ ఈ మాట పైకి రాలేదు. సాకుతామని అన్నప్పుడు సాకలేమని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడటం న్యాయమో కాదో నాకు తెలియదు.