తొంభై మూడో ర్యాంకు

ఈ మధ్య, విదేశంలో ఉన్న మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, వచ్చే ఉగాదికి ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవాలన్న చర్చ మొదలైంది. ఎప్పట్లాగే ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయి, సాయంత్రానికి తిరిగొచ్చారు. అది చదివి నవ్వుకుంటుంటే నాకు ఒక పాత ఉగాది, మా ఇటలీ ఆంటీ గుర్తొచ్చారు. ఆంటీ అనడం పిల్లల వల్ల అలవాటైంది గానీ, ఆవిడ నాకంటే నాలుగైదేళ్లే పెద్ద. సెరంగూన్ పేటలో మేమున్న కాండో అపార్ట్‌మెంట్లలోనే ఉండేవారు. భర్తకు వన్-నార్త్ సైన్సు పార్కులో పరిశోధన ఉద్యోగం. ఆవిడ కింద టెన్నిస్ కోర్టులో పిల్లలకు ఆట నేర్పేవారు. వాన ఆగితే చాలు, కోర్టులో నీళ్లు తోసేస్తూ కనబడేవారు. పొడుగు మనిషి, ఎండకు కమిలిన భుజాలు. గొంతు మాత్రం మా ఎనిమిదో అంతస్తు దాకా వినబడేది. "అంకోరా!" అని అరిచేవారు. అంటే వాళ్ల భాషలో "మళ్లీ" అని. మా అమ్మాయి ఆ మాటను ఇంటికి తెచ్చింది. ఇంకో దోసె కావాలన్నా అంకోరాయే. మమ్మల్ని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా, రెండోసారి కాఫీ కావాలంటే గ్లాసు చాపి "అంకోరా" అనేవారు.

ఆవిడ ఒకప్పుడు ప్రొఫెషనల్‌గా ఆడారని అందరికీ తెలుసు. ఏ మాత్రం ఆడారో ఎవరికీ తెలీదు. అడిగితే "చాలా ఊళ్లు తిరిగాను" అని నవ్వి ఊరుకునేవారు. ఆ ఏడు ఆవిణ్ణి ముఖ్య అతిథిగా పిలుద్దామన్నది నేనే. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడితే, ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్ల కోసం నేను తెలుగులో చెప్పాలని ఏర్పాటు. పరిచయం చేసే బాధ్యత మా అక్క భర్త, సంఘం కార్యదర్శి అయిన మా బావగారిది. ఆయన మామూలుగా మితభాషి. మైకు చేతికిస్తే మాత్రం మనిషి మనిషిలా ఉండరు.

కాండో ఫంక్షన్ రూములో పచ్చడి పంచడం అయింది, శాలువా కప్పడం అయింది. బావగారు మైకు అందుకుని, "ప్రపంచ టెన్నిస్ ధ్రువతార, వింబుల్డన్ విజేత..." అని ఎత్తుకున్నారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. వింబుల్డన్ అన్న మాట ఆవిడకూ అర్థమైంది. నా వైపు వంగి ఏమన్నారని అడిగితే చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలే. వాళ్ల వెనక తల్లిదండ్రులు. పరీక్షలొస్తున్నాయి, ఆట మాన్పించేద్దామా అని ఆ తల్లిదండ్రుల్లో సగం మంది అప్పటికే ఆలోచిస్తున్నారు. నిజం చెబితే ఉన్న పిల్లలూ పోవచ్చు. ఊరుకుంటే ఆ శాలువాతో, ఆ కీర్తితో హాయిగా ఇంటికెళ్లొచ్చు.

ఆవిడ లేచి మైకు తీసుకున్నారు. "నేను వింబుల్డన్ గెలవలేదు. మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ మొదటి రౌండులోనే ఓడిపోయాను." పక్కనుంచి బావగారు, "కాస్త సర్ది చెప్పమ్మా" అని గొణిగారు. "గట్టి పోటీ ఇచ్చాను" అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. మన వేదికల మీద ఇంతవరకూ ఎవరూ ఓడిపోయిన దాఖలా లేదు కదా! కానీ ఆవిడ సూటిగా పిల్లల వైపు చూస్తున్నారు. ఉన్నదున్నట్టే చెప్పాను. చిన్న ఊళ్లలో, పేపరువాళ్లు తొంగిచూడని టోర్నమెంట్లు కొన్ని గెలిచానన్నారు. ఎంతమంది ఆడడానికొచ్చినా ఓడకుండా ఇంటికెళ్లేది ఒక్కరేనని, పదమూడేళ్లపాటు ఇంచుమించు ప్రతి వారం తాను ఓడిపోయానని, ఓడిన సాయంత్రమే బట్టలు ఉతుక్కుని, రాకెట్‌కు తీగలు బిగించుకుని ఇంకో ఊరి రైలెక్కేదాన్నని అన్నారు. ఆవిడ తరఫున చెబుతున్నాను గనక, ఓడిపోయాను, ఓడిపోయాను అని అన్నిసార్లూ నా నోటితో నేనే అన్నాను. చెబుతున్నకొద్దీ నా గొంతు గట్టిపడింది.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు మా అత్తయ్యగారు కూర్చున్నచోటి నుంచే, "ఇంతకీ ర్యాంకెంతటే?" అన్నారు. మనవాళ్లు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న! సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో అడిగాను. "తొంభై మూడు. ఒకే ఒక్క వారం" అన్నారావిడ. "తొంభై మూడేనా" అని వెనకెవరో అన్నారు.

"రాష్ట్రంలోనా, దేశం మొత్తం మీదా?" అన్నారు అత్తయ్యగారు.

"ప్రపంచం మొత్తం మీద, అత్తయ్యగారూ."

అత్తయ్యగారు మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డారు. "లోకమంతట్లోనా! మావాడికి ఎంసెట్‌లో నాలుగంకెల ర్యాంకు వస్తే బజారంతా మైసూర్‌పాకులు పంచాం గదా! ఏమయ్యా, చేతులు నొప్పా మీకు? కొట్టండి చప్పట్లు!" మా ఆయన తల దించుకున్నారు. హాలంతా లేచి నిలబడింది. మా అమ్మాయి పక్క పిల్లను కుదిపేస్తూ, "మై కోచ్ లా! ఇన్ ది హోల్ వరల్డ్!" అని ఇక్కడి యాసలో అరిచింది. బావగారు శాలువా తీసి మళ్లీ కప్పారు, ఈసారి ఏ విశేషణాలూ లేకుండా. ఇటలీ ఆంటీని చూసి నాకు ఎంత గర్వమనిపించిందంటే, నా సొంత అక్కచెల్లెళ్లను చూసి కూడా ఎప్పుడూ అంత అనిపించలేదు.

ఆ తర్వాత ఏ పిల్లా మానలేదు. ఆ వారాంతానికి కొత్తవాళ్లు నలుగురు చేరారు. ఆ ఉగాది రోజే పైకి వెళ్తుంటే లిఫ్టులో ఆవిడ నాతో అన్నారు, "ఏం గెలిచావని అందరూ అడుగుతారు. ఎంతమందిలో నిలబడ్డావని ఇన్నేళ్లలో అడిగింది మీ అత్తగారొక్కరే." మరి ఆ ఒక్క వారంలో ఏం చేశారని అడిగాను. "సోమవారం పేపర్లో పేరు చూసుకున్నాను. అమ్మకు ఫోన్ చేశాను. మంగళవారం ఓడిపోయాను" అన్నారు. నవ్వి నవ్వి మా అంతస్తు దాటిపోయాం.

వాళ్లు ఇటలీ వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆవిడ ప్రపంచంలో తొంభై మూడో మనిషిగా బతికిన ఆ వారానికి ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. గడిచిందే గానీ, ఆ వారం పోలేదు.