గాలి ట్యాంకు మీద నెమళ్ళు

నాకు ఇనుమంటే పిచ్చి. ఈ మాట పెళ్ళిచూపుల్లోనే చెప్పేశాను. మామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయితే నువ్వు మా ఇంటికి రావాల్సిందే," అన్నారు. పెళ్ళికొడుకునీ ఓ మాట అడగాలన్న సంగతి ఆ తరువాత ఎవరికో గుర్తొచ్చింది.

మామయ్యకి నరసరావుపేటలో ట్రాక్టరు ట్రక్కులు కట్టే షెడ్డు ఉంది. మా వైపు ట్రక్కు మిరపకాయ బస్తాలే కాదు, క్వారీ బండలు కూడా మొయ్యాలి. అందుకని ఆయన లెక్కలో ఇనుము రెండే రకాలు: వంగేది, వంగనిది. వంగేది పనికిరానిది. నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి వచ్చినా, చాలాకాలం ఆ షెడ్డులో బిల్లులు రాస్తూ, ఫోన్లు ఎత్తుతూ, వెల్డింగు వాసన పీల్చి సంతోషపడుతూ ఉండిపోయాను.

పోయినేడు దుర్గి నుంచి రాతిబొమ్మలు చెక్కేవాళ్ళు కొందరు కలిసి వచ్చారు. ఉలులు ఇప్పుడు గాలితో నడుస్తున్నాయి. అందరి ఉలులకీ సరిపడా గాలిని బిగించి ఉంచే పెద్ద ట్యాంకు కావాలన్నారు. డ్రాయింగు కూడా గీయించుకొచ్చారు. మామయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "అదంతా మా కోడలు చూసుకుంటది," అనేశారు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇది నిలబడిందా, ఇక ట్యాంకుల పని మొత్తం నీదే. నిలబడలేదా, మాకు ట్రక్కులు, నీకు బిల్లులు."

నేను వంటింట్లోకి పరిగెత్తి అత్తయ్యని పట్టుకుని గిరగిరా తిప్పాను. ఆవిడ చేతిలో అట్లకాడ ఉన్న సంగతి తరువాత తెలిసింది.

చిక్కు వెంటనే వచ్చింది. డ్రాయింగులో రాసిన విదేశీ రకం ప్లేటు ఒక్క ట్యాంకుకి కావలసినంత మాత్రమే అయితే ఎవరూ అమ్మరట. దాని బదులు వేరే ఇనుము వెతకాలి. మామయ్యకి ఇందులో వెతకాల్సిందేమీ కనబడలేదు. బండల ట్రక్కుల అడుగున వేసే మొండి ప్లేటు లాక్కొచ్చి గ్రైండరు ఆనించారు. రవ్వలు కాకరపువ్వొత్తిలా చిట్లాయి.

"చూడమ్మాయ్, ఎట్టా పూస్తందో! చానా గట్టిది. దీన్ని మించింది లేదు."

నేను బాయిలర్లకి వాడే మన దేశపు ప్లేటు ముక్క తెప్పించి గ్రైండరు పెట్టాను. రవ్వలు సాదాగా, పొడుగ్గా, ఎక్కడా చిట్లకుండా పోయాయి. వెల్డర్లు నన్ను జాలిగా చూశారు.

"ఏందిది, మూగ ఇనుము!" అన్నారు మామయ్య.

నాకు ఆ మూగదే నచ్చింది. గాలి బిగించినప్పుడు ట్యాంకు పిసరంత సాగి సర్దుకోవాలి. మొండి ఇనుముకి ఆ గుణం తక్కువ. పైగా వెల్డింగు వేడికి అతుకు పక్కన పెళుసెక్కుతుంది. పగిలిందంటే ఒక్కసారే పగులుతుంది, చుట్టూ మనుషులుంటారు. ఇదంతా చెబితే ఆయన చెవి గోక్కున్నారు. సరే, రెండు రకాల్లోనూ ముక్కలు అతికించి, చల్లారాక వైసు దవడల మధ్య బిగించి, సుత్తితో వంచి చూద్దామన్నాను.

ముందు ఆయన ముద్దుల ప్లేటు. వంగీ వంగకముందే అతుకు పక్కన ఠప్పున విరిగింది. విరిగిన ముక్క ఎగిరి పైరేకుకి కొట్టుకుంది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా బల్ల కింద దూరారు. మూగ ఇనుము మాత్రం గుర్రపునాడాలా వంగి కూర్చుంది, వెంట్రుకంత చీలిక లేదు. నేను గంతులేస్తుంటే తలమీది హెల్మెట్టు ఊడి దొర్లింది. మామయ్య ఆ వంగిన ముక్కని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "సరే, కానియ్యి," అన్నారు.

ఈ ప్లేటు బలం అసలు రకం కన్నా కొంచెం తక్కువ కాబట్టి మందం పెంచాలి. నా లెక్కని డ్రాయింగు గీసినాయనకి పంపితే, ఆయన సరిచూసుకుని ఒప్పుకున్నారు. మందం అన్న మాట వినగానే మామయ్య మొహం వెలిగిపోయింది. "ఎనిమిది మిల్లీమీటర్లకి బదులు పదా! ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ!" అంటూ రోలింగు మిషను దగ్గరికి నడిచారు. ఆ ప్లేటుని ఆయన చుట్టిన తీరు చూస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ట్యాంకు కారుతుందేమో చూసే పరీక్ష రోజు పొద్దున షెడ్డుకి వెళ్ళి చూద్దును కదా, ట్యాంకు ఎర్రగా ధగధగలాడుతోంది! రెండు పక్కలా నెమళ్ళు, నడుమ తామరపువ్వు, అంచుల్లో పచ్చటి తీగ. మా షెడ్డులో వెల్డింగు అయిన బండికి రంగు వెయ్యకుండా ఉంచరు, అది ఆచారం. కానీ రంగు కింద సన్నటి చిల్లు దాక్కుంటే పరీక్షలో కనబడదు. టిఫిన్ తెచ్చిన అత్తయ్య ఆ నెమళ్ళని చూసి, "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంట!" అంది. నవ్వుకుంటూ, తిట్టుకుంటూ అందరం అతుకుల మీద రంగు గీకాం. ఒక నెమలికి మెడ పోయింది.

ట్యాంకుని పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చి, మెడలేని నెమలిని చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు. ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, చేతిపంపుతో ఒత్తిడి పెంచాం. గేజి ముల్లు మెల్లగా ఎక్కి, పరీక్షకి పెట్టిన గీత దగ్గర ఆగింది. మామయ్య ట్యాంకు మీదికి వంగి చెవి పెట్టారు. అంతలో అతుకు మీద ఒక నీటిచుక్క కనబడింది. బిల్లుల పుస్తకం నా కళ్ళముందు ఆడింది. ఇన్‌స్పెక్టరు గుడ్డతో తుడిచి ఆగారు. మళ్ళీ చుక్క పడింది. ఈసారి అది ఎక్కణ్ణుంచి పడిందో అందరం చూశాం. మామయ్య నుదుటి మీద నుంచి.

"పెద్దాయనా, మీరు జరగండి. కారేది మీరే," అన్నారు ఇన్‌స్పెక్టరు. ముల్లు గీత మీదే ఉంది, అతుకు పొడిగానే ఉంది.

మామయ్య నాకు శభాష్ చెప్పలేదు. ఆ తరువాత ఒకరోజు పాత ఇనుము కొట్టు నుంచి ఫోను చేశారు. వెనక గ్రైండరు మోత.

"అమ్మాయ్, ట్యాంకుకని ఒక ప్లేటు చూశా. రవ్వలు పిచ్చిపిచ్చిగా పూస్తన్నయ్. తీసుకోమంటావా, వద్దంటావా?"

ఏ ఇనుము కొనాలో ఆయన జన్మలో ఎవరినీ అడిగి ఎరగరు, వాళ్ళ నాన్ననైనా సరే. ఫోను రెండు చేతులతో పట్టుకుని, "వద్దు మామయ్యా," అన్నాను.

ఆయన ఖాళీ చేతులతో ఇంటికొచ్చారు.